నోటీసు బోర్డు దగ్గర ఆగేవాళ్లు

పెనుకొండ దాటాక హైవే పక్కన, గుట్ట వాలులో కట్టిన మాజీ సైనికుల ఆసుపత్రికి గేటు కింద ఉంది, ఓపీ పైన ఉంది. మధ్య దూరం మూడు వందల ఎనభై మీటర్లు. ఈ కొలత కాగితం మీదికి ఎక్కింది ఈ ఏడాదే. అంతకుముందు ఆ దూరం ఎంతో ఈరన్న మోకాలికి మాత్రమే తెలుసు.

ఈరన్నకు యాభై ఏడేళ్లు. ఊరు సోమందేపల్లి దగ్గరి పల్లె. పదిహేడేళ్లు సైన్యంలో లారీ నడిపి, లాన్స్ నాయక్‌గా దిగిపోయి, కొన్నేళ్లు వేరుశెనగ పెట్టి, వానను నమ్ముకుని విసిగిపోయి, ఈ ఆసుపత్రిలో అటెండరుగా చేరాడు. తొమ్మిదేళ్లయింది. పని ఒకటే. బస్సు దిగి వచ్చినవాళ్లలో నడవలేనివాళ్లను చక్రాల కుర్చీలో పైకి తీసుకుపోవడం, మందులు తీసుకున్నాక కిందికి దించడం. రోజుకు పదిహేను సార్లు, సోమవారమైతే ఇరవై.

ఆటోలను లోపలికి రానివ్వరు. అంబులెన్సుకూ డాక్టర్ల కార్లకూ మాత్రమే అనుమతి. సైకిల్ మీద వచ్చేవాళ్లు కూడా గేటు దగ్గర ఆపి గోడకు ఆనించి రావాల్సిందే. ఈ నిబంధన ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు ఎవరూ ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదు. నిబంధన మాత్రం పనిచేస్తూనే ఉంది.

దారిలో మొదటి వంద మీటర్లు సిమెంటు. ఆ తర్వాత నీళ్ల పైపు కోసం తవ్వి, కంకర పోసి వదిలేశారు. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, కంకరలో దిగబడతాయి. అక్కడికి రాగానే ఈరన్న కుర్చీని తిప్పేసి వెనక్కి లాగుతూ ఎక్కుతాడు. కూర్చున్నవాళ్లు హైవే మీద పోయే లారీలను చూస్తూ, వీపు ముందుగా ఆసుపత్రికి చేరతారు.

"ఏం ఈరన్నా, డాక్టరుకు ముందు నా వీపు చూపిస్తాండావా?" అనేవాడు సుబేదార్ శ్రీనివాసులు, ఎక్కిన ప్రతిసారీ.

"ముందర బాగలేదు గద సాబ్, వీపన్నా చూడనీలే" అనేవాడు ఈరన్న, ఊపిరి ఉంటే.

శ్రీనివాసులుది ధర్మవరం. ఇంట్లో అన్నదమ్ములందరూ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పట్టుచీరలు నేస్తుంటే, ఆయన ఒక్కడే ఇరవై ఎనిమిదేళ్లు సరిహద్దుల్లో తిరిగాడు. ఇప్పుడు డెబ్బై రెండు. చక్కెర వ్యాధికి కుడికాలి వేళ్లు రెండు పోయాయి. మాటకు మాత్రం ఏమీ కాలేదు.

జనవరిలో, ఆసుపత్రి నడిపే ట్రస్టువాళ్లు ఆ దారిని బాగుచేయాలనుకున్నారు. రెండు పటాలు తయారయ్యాయి. ఒకదాని ప్రకారం ఉన్న దారినే వెడల్పు చేసి, ఓపీ ముందు కార్లు నిలుపుకునే చోటు కడతారు. రెండోదాని ప్రకారం వాలు తగ్గించి, మెలికలు తిప్పి, పక్కన కమ్మీలు, నడుమ నడుమ బెంచీలు పెట్టి నడిచేవాళ్లకూ చక్రాల కుర్చీలకూ ఒక దారి, దాని పక్కనే సైకిళ్లకు ఒక దారి వేస్తారు. గుట్ట వాలులో రెండు పటాలకూ చోటు లేదు. ఏది అవసరమో వచ్చేవాళ్లనే అడగమని ట్రస్టు చెప్పింది.

అడగడానికి భాగ్యశ్రీ వచ్చింది. నలభై దాటిన మనిషి, పుట్టింది హిందూపురంలో, బెంగుళూరులో ఇలాంటి దారులు గీయడమే ఆమె ఉద్యోగం. ఒక పేజీ ఫారం తయారుచేసింది. పైన పేరు, సర్వీసు నంబరు, ర్యాంకు. కింద ప్రశ్న: గేటు నుంచి ఓపీ వరకు రావడానికి మీకు ఇబ్బంది ఉందా? చాలా ఉంది, కొంచెం ఉంది, లేదు. దాని కింద సంతకం. రెండు వారాల పాటు ఆ ఫారాలు పంచి, నింపించి, తీసుకునే పని ఈరన్న మీద పడింది.

ఈరన్నకు ఆ పని ఇష్టమే అయింది. రెండో పటం గోడకు అంటించినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. దసరా నుంచి అతని ఎడమ మోకాలు వాస్తోంది. ఆ దారి వస్తే ఇంకో అయిదేళ్లు తోయగలడు. రాకపోతే ఇంకో ఏడాది కూడా కష్టం. ఇంట్లో కృష్ణమ్మకు కూడా చెప్పని లెక్క అది.

మొదటి రోజే శ్రీనివాసులుకు ఫారం ఇచ్చాడు. ఆయన చక్రాల కుర్చీలో కూర్చునే, తొడ మీద పెట్టుకుని, అద్దాలు సవరించుకుని, "లేదు" దగ్గర టిక్కు పెట్టి సంతకం చేశాడు.

"సాబ్, మీరు కుర్చీలో ఉండారు" అన్నాడు ఈరన్న.

"ఉంటే?"

"ఇబ్బంది లేదని రాసినారు."

"నాకేం ఇబ్బంది? ఇబ్బంది నీకు గదా, తోసేది నువ్వు" అని ఫారం మడిచి అతని చేతిలో పెట్టాడు. "కుర్చీ ఎక్కకపోతే నీకు పనుండదని ఎక్కుతాండా. మొగోనితో నడవలేనని నంబరు ఏసి సంతకం పెట్టిస్తావా? బో జెప్పొచ్చినావు!"

అందరూ అంతే. గాండ్లపెంట నుంచి రెండు బస్సులు మారి వచ్చే నాయక్ ఒకాయన, ఊపిరితిత్తుల జబ్బు మనిషి, ఫారం మీదికి వంగి దగ్గుతూనే "లేదు" అని రాశాడు. ఊతకర్రను కుర్చీకి ఆనించి వచ్చి రాసినవాళ్లున్నారు. కర్రను వీపు వెనక దాచి రాసినవాళ్లున్నారు. చివరికి రెండు వందల పద్నాలుగు ఫారాలు వచ్చాయి. రెండు వందల మూడింటిలో ఇబ్బంది లేదు.

ఈరన్నకు ఆశ్చర్యం కలగలేదు. సైన్యంలో సర్వీసు నంబరూ ఆరోగ్యం గురించిన ప్రశ్నా ఒకే కాగితం మీద కనిపిస్తే దాన్ని మెడికల్ బోర్డు అంటారు. అందులో నొప్పి అని రాసినవాడికి కేటగిరీ తగ్గుతుంది, కేటగిరీ తగ్గితే ప్రమోషన్ ఆగుతుంది, ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది. జ్వరమని పడుకుంటే నాటకమనే సావాసగాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఇరవై ఏళ్లు అలా బతికినవాడి చేయి, పింఛను తీసుకున్న ఇరవై ఏళ్ల తర్వాత కూడా అదే గడిలో టిక్కు పెడుతుంది. భాగ్యశ్రీకి ఇది తెలియదు. తెలిసిన ఈరన్న చెప్పలేదు. ఎందుకంటే అతనూ అదే పని చేశాడు.

సిబ్బందికి ఆఫీసువాళ్లు వేరే ఫారం ఇచ్చారు. రోజుకు ఎన్నిసార్లు కుర్చీ తోస్తారు, తోయడానికి ఇబ్బంది ఉందా అని. పదిహేను అని రాశాడు. లేదు అని టిక్కు పెట్టాడు. అతనిది ఏడాది కాంట్రాక్టు, మార్చి ఆఖరుకు ముగుస్తుంది. ఏటా ఏప్రిల్‌లో డాక్టరు ఫిట్‌నెస్ సంతకం పెడితేనే పొడిగిస్తారు. మోకాలి సంగతి తన రాతతోనే ఆఫీసులో పెట్టడానికి చేయి రాలేదు.

ఫారాలు లెక్కేసిన రోజు ఆఫీసులో గిరిధర్ చాలా సంతోషంగా ఉన్నాడు. ఆయన గౌరవ కెప్టెన్‌గా రిటైరై ఆసుపత్రి పరిపాలన చూస్తున్నాడు. చెడ్డవాడు కాదు. రోగులను కార్లలో తెచ్చే కొడుకులూ కోడళ్లూ గేటు దగ్గర పడే గొడవ ఆయన రోజూ వింటాడు. కార్లకు చోటు కావాలని ఆయనకు నిజంగానే అనిపించింది.

"చూస్తిరా మేడమ్? మావోళ్లు ఎట్లుండారో" అన్నాడు. "వందకు తొంభై అయిదు మంది ఫిట్. ఆ మెలికల దావ పెట్టి వీళ్లను ముసలోళ్లను చేయాలని చూస్తిరి."

భాగ్యశ్రీ ఫారాల కట్టను అటూ ఇటూ తిప్పింది. "ఫిజియోథెరపీలో మాత్రం రోజుకు నలభై మంది ఉంటున్నారే సార్?"

"అది వ్యాయామం మేడమ్."

వచ్చే శుక్రవారం కమిటీ కూర్చుని ఏ పటమో తేల్చేస్తుందని ఆయన చెప్పాడు. ఈరన్న తలుపు దగ్గర నిలబడి విన్నాడు. మోకాలిని గోడకు ఆనించుకున్నాడు.

ఆ మధ్యాహ్నం భాగ్యశ్రీ గేటు ఎదుటి టీ కొట్టు దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంటే, ఈరన్న వెళ్లి కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"కూర్చో అన్నా" అంది ఆమె.

"కూర్చుంటే లేసేది కష్టం" అన్నాడు. అన్న తర్వాత తనే ఉలిక్కిపడ్డాడు. ఆమె కూడా తలెత్తి చూసింది. ఇక దాచి లాభం లేదని కూర్చున్నాడు.

"మేడమ్, వాళ్లను అడగొద్దు. అడిగితే మీకు నిజం రాదు. చూడండి, అంతే."

"ఏం చూడాలి?"

"పొద్దున ఆరున్నర బస్సు కాడ్నుంచి నాతో రాండి. చూపిస్తా."

మరునాడు చూపించాడు. గేటు నుంచి నూట ఇరవై మీటర్ల దగ్గర ఒక నోటీసు బోర్డు ఉంది. అద్దం పగిలింది. లోపల నాలుగేళ్ల కిందటి రక్తదాన శిబిరం కాగితం. బస్సు దిగిన ముప్పై మందిలో పద్దెనిమిది మంది ఆ బోర్డు దగ్గర ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. కొందరు రెండోసారి చదివారు. జనరేటర్ షెడ్డు దగ్గర ఆగినవాళ్లు డీజిల్ ఎంతుందని అడిగారు. కుళాయి దగ్గర ఆగినవాళ్లు నీళ్లు తాగలేదు, ముఖం కడుక్కున్నారు. ఒకాయన బూటు తాడు మూడు చోట్ల విప్పి మూడు చోట్లా కట్టాడు. ఇంకొకాయన జేబులోంచి ఫోన్ తీసి "హలో, ఆఁ, చెప్పు" అని గట్టిగా అన్నాడు. అవతల ఎవరూ లేరు. ఫోన్ మోగనే లేదు.

భాగ్యశ్రీ నవ్వబోయి ఆగిపోయింది.

మూడు రోజులు ఇద్దరూ చూశారు. పేర్లు రాయలేదు, నంబర్లు రాయలేదు. ఎవరు ఎక్కడ ఆగారు, ఎంతసేపు ఆగారు, అంతే. కుర్చీలో వచ్చినవాళ్లు కాక, నడిచి వచ్చినవాళ్లు నూట డెబ్బై ఒకరు. వాళ్లలో నూట పద్దెనిమిది మంది కనీసం ఒకసారి ఆగారు. అరవై నాలుగు మంది మూడు సార్లకు మించి ఆగారు. తొమ్మిది మంది నడుమ దాకా వచ్చి, ఇంట్లో ఏదో మరచిపోయినవాళ్లలా తిరిగి వెళ్లిపోయారు. ఆ తొమ్మిది మందిని ఈరన్న ఇదివరకూ చూశాడు. లెక్కపెట్టడం మాత్రం ఇదే మొదలు.

మూడో రోజు మందుల కిటికీ దగ్గర పుష్పావతి కనిపించింది. హిందూపురం మనిషి. ఆమె భర్త హవల్దార్ గంగాధర పేరు మీద మందులు తీసుకుంటోంది. ఆయనను చూసి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది ఈరన్నకు.

"ఏమ్మా, మా హవల్దార్ సాబ్ రాలేదా?"

"పెండ్లికి పోయినాడు" అంది పుష్పావతి.

"పోయిన నెలా పెండ్లే అంటివి."

"మాకు సుట్టాలు శానామంది లేప్పా." ఆమె మందుల కవర్ సంచిలో వేసుకుంది. భాగ్యశ్రీ పక్కకు వచ్చి నిలబడటం చూసి, ఆడమనిషి కదా అనుకుందేమో, గొంతు తగ్గించింది. "అయిదు నెలలాయ. దీపావళి ముందర ఆ జనరేటర్ కాడి దాకా వచ్చి తిరుక్కున్యాడు. దమ్ము సాలదు. కుర్చీ ఎక్కమంటే, ఈరన్న నాకంటే సిన్న ర్యాంకు, వాడు తోస్తే నేను కూర్చునేదేందని అంటాడు. సుమ్నే గొడవెందుకని నేనే వచ్చి మందులు ఎత్తుకుపోతాండా. బీపీ చూపించక అయిదు నెలలాయ మేడమ్."

"అంకుల్ మా ఫారం నింపలేదా ఆంటీ?"

"రానోళ్లు ఎట్ల నింపుతారమ్మా?"

భాగ్యశ్రీ ఆ సాయంత్రం మందుల రిజిస్టరు అడిగి తీసుకుని, కార్డు భర్తదీ సంతకం భార్యదీ ఉన్న పేర్లు వెదికింది. ఆరు నెలల్లో ముప్పై ఏడు.

శుక్రవారం కమిటీకి ట్రస్టు తరఫున డాక్టర్ హేమావతి వచ్చింది, ఇంకొక సభ్యుడు వచ్చాడు. గిరిధర్ ఫారాల కట్టను బల్ల మీద ఒక పక్క పెట్టాడు. భాగ్యశ్రీ తన రెండు పేజీలు ఇంకో పక్క పెట్టింది. ఈరన్న టీలు తెచ్చి, వెళ్లిపోమని ఎవరూ అనకపోవడంతో తలుపు దగ్గరే నిలబడ్డాడు.

భాగ్యశ్రీ చెప్పేదంతా గిరిధర్ ఓపిగ్గా విన్నాడు. విని, "మేడమ్, ఇవి రెండు వందల పద్నాలుగు సంతకాలు" అన్నాడు. "మీవి దూరం నుంచి చూసి రాసుకున్న గీతలు. బోర్డు చదివేవాడు ఆయాసపడి చదువుతాండాడని మీరెట్ల చెబుతారు? నాలుగేళ్ల కాగితమైతేనేం, చదవకూడదా?" ఇంకొక సభ్యుడు నవ్వాడు. గిరిధర్ కట్టలోంచి ఒక ఫారం విడిగా తీశాడు. "ఇంకొకటి. ఆ దావలో రోజూ కుర్చీ తోసే మనిషి రాసింది ఇది. రోజుకు పదిహేను సార్లు, ఇబ్బంది లేదు. బరువేసుకుని ఎక్కేవాడికే ఇబ్బంది లేకుంటే, ఉత్తగా నడిచేవాడికి ఏముంటాది?"

గదిలో అందరూ తలుపు వైపు చూశారు.

ఈరన్న ముందు భాగ్యశ్రీని చూశాడు. ఆమె ముఖం చూస్తే ఆ ఫారం సంగతి ఆమెకు తెలియదని అర్థమైంది. ఆమె రాసిన రెండు పేజీలూ ఆ ఒక్క కాగితం ముందు తేలిపోయాయి.

"సాబ్, అది తప్పు" అన్నాడు.

"ఏది తప్పు?"

"నేను రాసింది. అబద్ధం రాసినాను."

"ఎందుకు రాసినావు?"

"ఆ రెండు వందల మందీ ఎందుకు రాసినారో అందుకే."

గిరిధర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈరన్నా, ఏప్రిల్లో నీకు ఫిట్‌నెస్ ఉండాది. మతికి ఉండాదా?"

"ఉండాది సాబ్."

"ఉండి చెబుతాండావా?"

"మోకాలు దసరా నుంచి వాస్తాండాది. ఆ కంకర మీద వెనక్కి లాగేటప్పుడు రెండుసార్లు పడబోయినా. ఒకసారి సుబేదార్ సాబ్ కుర్చీలో ఉండాడు. వదిలుంటే హైవే దాకా పోయుంటాడు." అరచేయి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నడవలేను సాబ్. తోయలేను. ఫారం ఇస్తే మార్చి రాస్తా."

ఎవరూ ఫారం ఇవ్వలేదు. అతనే రెండడుగులు ముందుకు వచ్చి తీసుకున్నాడు. "లేదు" అన్న టిక్కు కొట్టేసి, "చాలా ఉంది" దగ్గర పెట్టి, కొట్టివేత పక్కన సైన్యంలో చేసినట్టు పొట్టి సంతకం చేసి, తేదీ వేశాడు.

డాక్టర్ హేమావతి భాగ్యశ్రీ పేజీలను దగ్గరికి లాక్కుంది. "ఈ ముప్పై ఏడు మంది ఎవరు? మందులు పోతున్నాయి, మనుషులు రావడం లేదు. వీళ్లను ఎవరు చూస్తున్నారు?" అని గిరిధర్‌ను అడిగింది. ఆ తర్వాత అరగంట అంతా ఆ ప్రశ్న చుట్టూనే జరిగింది. మెలికల దారి పటం మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. సైకిళ్లను లోపలికి రానివ్వాలన్నది కూడా రాసుకున్నారు. కార్ల సంగతి తర్వాత చూద్దామన్నారు.

బయట వరండాలో గిరిధర్ ఈరన్నను ఆపాడు. కోపంగా లేడు. అలసిపోయినట్టున్నాడు.

"ఆ మాట నా చెవిలో చెప్పుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదప్పా. రిజిస్టర్ల కాడ కూర్చోబెట్టేవాణ్ణి. కమిటీ ముందర, సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో మచ్చ రాసినట్టు చెబితివి. ఇంక డాక్టరుతో ఫిట్ అని ఎట్ల రాయించాల?"

"చెవిలో చెబితే దావ రాదు గద సాబ్."

గిరిధర్ లోపలికి పోయాడు.

ఇంటికి వెళ్లి కృష్ణమ్మకు మొత్తం చెప్పాడు. ఆమె వేరుశెనగ కాయలు ఒలుస్తూ విన్నది. "మార్చి ఆఖరు దాకానా?" అంది. అవునన్నాడు. "సరే, మన ఇంటికి మెట్లు లేవులే" అని చేటలోని తొక్కలు బయట పారబోసి వచ్చింది.

మార్చి రెండో వారంలో భాగ్యశ్రీ సున్నం పొడి, కొలత టేపు పట్టుకుని వచ్చింది. టెండర్లు అవీ అయ్యేసరికి జూన్ దాటుతుందని, అంతవరకు గీత అయినా కనిపిస్తుంటే ఎవరూ పటం మార్చరని ఆమె నమ్మకం. టేపు రెండో కొస పట్టుకునే పని ఈరన్నకు చెప్పారు. కుర్చీకి అప్పటికే ఇంకో మనిషిని చూస్తున్నారు.

ఇరవై అడుగుల నడకకు ఒక్క అడుగు ఎత్తు చొప్పున తిప్పుకుంటూ పోతే దారి అయిదు వందల అరవై మీటర్లు తేలింది. తెల్లటి గీత గుట్ట మీద అటొకసారి ఇటొకసారి పోయింది. బస్సు దిగినవాళ్లు ఆగి చూశారు. ఈసారి ఆగడానికి నిజంగానే ఒక కారణం దొరికింది.

"ఏమబ్బా, దగ్గర దావ ఇడిసిపెట్టి దూరం జేస్తిరి?" అన్నాడొకాయన. "ఇంజినీర్లు చేసే పనులు ఇట్లే ఉంటాయి."

"దూరమే గానీ ఎక్కినట్టు ఉండదు" అన్నాడు ఈరన్న.

"ఎక్కితే నీకేమైంది? మేము కొండలు ఎక్కినోళ్లం."

ఈరన్న వాదించలేదు. టేపు లాగి పట్టుకున్నాడు. భాగ్యశ్రీ వంగి గీత గీసింది.

మూడో మలుపు దగ్గర సుబేదార్ శ్రీనివాసులు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు కుర్చీ ఎక్కనని, చూసి పోదామని వచ్చానని చెప్పాడు. కాసేపు గీతను చూశాడు. తర్వాత కర్ర కొసతో నేల మీద ఒక చోట పొడిచాడు.

"ఈడ ఒక బెంచీ ఏయించు" అన్నాడు.

"పటంలో ఇంకో ముప్పై మీటర్లు పోయినాక ఉండాది సాబ్" అన్నాడు ఈరన్న.

"ముప్పై కాడ కాదు. ఈడ." గొంతు సవరించుకున్నాడు. "నాకు కాదప్పా. మా బెటాలియన్ వాడు ఒకడుండాడు, వానికి."

భాగ్యశ్రీ పటం తీసి ఆ చోటు గుర్తు పెట్టుకుంది. ఆ బెటాలియన్ మనిషి పేరేమిటని ఆమె అడగలేదు. ఈరన్న కూడా అడగలేదు. సున్నం పొడి గుప్పెడు తీసి, ఆయన కర్ర పొడిచిన చోట పోసి, టేపు కొస చుట్టుకుంటూ తర్వాతి మలుపు వైపు నడిచాడు. అతనికి ఇంకా పదిహేడు రోజుల పని మిగిలి ఉంది.